రబ్బరు కప్ప

సంక్రాంతి సెలవుల గురించి రాయమని తెలుగు టీచరు చెప్పారు. అందరూ ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెల గురించి రాస్తారు. నేను గాలం గురించి రాస్తాను. నవ్వకండి.

మేము యానాదులం. మా కాలనీ చిలకలూరిపేట దగ్గర, ఓగేరు వాగు పక్కన ఉంది. 2022కి ముందు మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. ఎటు చూసినా పత్తి, మిరప చేలే. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్లు వదిలాక ఈ మెట్ట మారిపోయిందని సోషల్ సారు చెప్పారు. ఆ చేలల్లో మాకు సెంటు భూమి లేదు. మాకు వాగు ఉంది.

ఈసారి ఇంటికి పోయేసరికి నాయన మంచం మీద ఉన్నాడు. పత్తిమోడు అరికాల్లో దిగి చీము పట్టింది. ఇరవై రోజుల నుంచి కూలి లేదు. అమ్మ కోతల మేస్త్రి దగ్గర ముందే డబ్బు తెచ్చి వాడేసింది. ఆ బాకీ మిరపకోతలో తీర్చాలి. రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ మెల్లగా అన్నది. “నెల రోజులు నాతో కోతకు రాయే. తర్వాత బడికి పోదువులే.” నేను ఏమీ అనలేదు. మా పిన్ని కూతురు కూడా ఏడో తరగతిలో నెల రోజులకనే పోయింది. మళ్లీ బడికి రాలేదు.

ఆదివారాలు టౌను నుంచి కొందరు చక్రం ఉన్న గాలపు కర్రలతో వాగుకు వస్తారు. భోగి ముందురోజు తూటికాడల్లో వాళ్లది తెగిపోయిన రబ్బరు కప్ప ఒకటి ఇరుక్కుని కనపడింది. ఆకుపచ్చ రంగు, కడుపు కింద రెండు ముళ్లు. మోకాలు లోతు నీళ్లలో దిగి తెచ్చాను. కొర్రమీనుకు మేము మామూలుగా బతికున్న చిన్న కప్పను గుచ్చుతాం. ఒక దెబ్బకే అది చీలిపోతుంది. ఇదైతే ఎన్నిసార్లయినా పనికొస్తుందని నాయన సంబరపడ్డాడు. కాలు బాగాలేదు కాబట్టి గట్టు మీద కూర్చుని నాకు చెప్పాడు, నేను విసిరాను.

విసిరిన ప్రతిసారీ చిక్కే. కప్ప ముల్లు వెనక్కి తిరిగి దారాన్నే పట్టుకునేది. పది విసుర్లకు ఎనిమిది అట్టాగే. చిక్కు తీసేసరికి పొద్దు గూకింది. నాకు ఏడుపొచ్చింది. కత్తితో కోసి పారేస్తానంటే నాయన ఒప్పుకోలేదు. “కోస్తే దారం పోద్ది. ఎందుకు పడిందో చూడు” అన్నాడు.

చూస్తే మూడు తప్పులు కనపడ్డాయి.

మొదటిది దారం చుట్టడం. మా దారం ప్లాస్టిక్ సీసాకు చుట్టి ఉంటుంది. విసిరేటప్పుడు సీసా మూతిని నీళ్లవైపు పెడితే చుట్టలు మూతి మీదుగా జారిపోతాయి. అట్టా జారే ప్రతి చుట్టకూ దారంలో ఒక మెలిక పడుతుంది. నేను తొందరకొద్దీ సీసాను తొడ మీద దొర్లించి దారం చుట్టేదాన్ని. అందుకే మెలికలు పెరిగి దారం ఉంగరాలు తిరిగింది. “సీసాను తిప్పమాక, దారాన్ని తిప్పు” అన్నాడు నాయన. సీసాను కదలనీకుండా పట్టుకుని చేత్తో దారం చుట్టితే, ఎటు చుట్టామో అటే విప్పుకుంటూ పోతుంది. చుట్టేటప్పుడు పడిన మెలిక జారేటప్పుడు పోతుంది. పాత మెలికలు పోవడానికి గాలం, సీసం విప్పేసి వట్టి దారాన్ని పారే కాలువలో వదిలాం. నీళ్లే సాపు చేశాయి.

రెండోది సీసం గుండు. కప్పకు జానెడు ముందు దారానికి గుండు కట్టాను. గుండు బరువు, కప్ప తేలిక. గాల్లో గుండు ముందు పోతుంటే కప్ప వెనక గిరగిరా తిరుగుతూ దారం మీద పడేది. సైన్సు పాఠంలో జడత్వం చదివాం కదా, బరువైన వస్తువు తన దారిన పోవాలనుకుంటుంది, తేలికైనదాన్ని గాలి ఆపేస్తుంది. అందుకని ఆ గుండు తీసేసి, చిన్న సీసం ముక్కను కప్ప కడుపులో తోకవైపు దూర్చాను. మరీ పెద్ద ముక్క అయితే కప్ప మునుగుతుంది, బకెట్లో వేసి చూసుకున్నాను. ఇప్పుడు కప్పే ముందు పోతుంది, దారం దాని వెనక వస్తుంది.

మూడోది నా చెయ్యి. నేను కోపంగా విదిలించి విసిరేదాన్ని. ఒక్కసారి నిదానంగా ఊపి వదలాలి. కప్ప నీళ్ల మీద పడబోయే ముందు సీసా మీద దారాన్ని వేలితో తాకాలి. అప్పుడు దారం బిగిసి కప్ప సాపుగా పడుతుంది. వదిలేస్తే దారం దాని మీదే కుప్ప పడుతుంది.

కనుమ మర్నాడు పదిసార్లు విసిరితే ఒక్కసారే చిక్కు పడింది. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి నీళ్ల పైకి వస్తుంది. ఆ బుడగ లేచిన చోటుకు కొంచెం అవతల కప్పను వేసి మెల్లగా లాగాను. ఢబ్ మని చప్పుడైంది. దారం నా వేలిని కోసింది. నాయన కుంటుకుంటూ నీళ్లలోకి దిగి చేపను రెండు చేతులతో పట్టాడు. కిలో పైనే ఉంది. మేము తినలేదు, రోడ్డు మీద అమ్మాం. తర్వాత మరో రెండు పడ్డాయి. అవి చిన్నవి, కూర వండుకున్నాం.

చేపలతో బాకీ తీరలేదు. అబద్ధం రాయకూడదు. కానీ ఆ రాత్రి నాయన అమ్మతో, “కాలు బాగయ్యేదాకా నేను మిరప కల్లం కాపలాకు కూర్చుంటా. కూర్చునే పనే కదా. పిల్లను పంపు” అన్నాడు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కోతకు పోయొచ్చిన చేతులు మంటలని మజ్జిగలో పెట్టుకుని ఉంది. చివరికి, “రెండు రోజులు నాతో వచ్చి పో” అన్నది. ఆ రెండు రోజులు కోత కోశాను. ఎంత కడిగినా చేతుల మంట పోలేదు, కళ్లు రుద్దుకోకూడదని అప్పుడు తెలిసింది. మూడో రోజు బస్సెక్కాను. ఆలస్యంగా వచ్చినందుకు హాజరు దగ్గర తిట్లు తిన్నాను. అప్పుడు ఎందుకో చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మన తరగతిలో ఇంకా ఇద్దరు రాలేదు. వాళ్ల గిన్నెలు, గ్లాసులు పెట్టెల మీద అట్టాగే ఉన్నాయి. వాళ్లు కోతల్లోనే ఉండి ఉంటారు. వాళ్ల ఊళ్ల వైపు పోయేవాళ్లెవరైనా ఉంటే, వాళ్ల నోట్సులు నేను రాసి పెడుతున్నానని చెప్పండి. సైన్సులో జడత్వం పాఠం అయిపోయింది, నేను చెబుతాను.

రబ్బరు కప్ప నాయన దగ్గరే ఉంది. సీసాకు దారం మాత్రం నేనే చుట్టి వచ్చాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని