దీవి దాచిన వంశవృక్షాలు

పోర్ట్ లూయిస్, మారిషస్

చిన్నాన్నా,

మన విశాఖ జిల్లా నుంచి వలస వచ్చిన కూలీల వివరాలు ఈ దీవిలో ఎంత భద్రంగా ఉన్నాయో చూస్తే మీరు ముక్కున వేలేసుకుంటారు. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు చెరకు తోటల పనికి ఇక్కడ దిగారు. 1849 నుంచి వాళ్లు అడుగుపెట్టిన చోటు ఆప్రవాసీ ఘాట్. అక్కడ రాతిమెట్లు ఉన్నాయి. ఆ మెట్లు చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మనవాళ్లు మొదట్లో కోరంగి రేవు నుంచి, తర్వాత ఎక్కువగా మద్రాసు డిపో నుంచి ఓడెక్కారు. విశాఖ హార్బరు వచ్చింది 1933లో కదా.

దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. తోట వదిలి పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చిన ఆ నంబరే పెళ్లి, చావు కాగితాల్లోకీ ఎక్కింది. ఇప్పుడు మునిమనవళ్లు తమ జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టి, తరం వెనక తరం పట్టుకుంటూ ఆ నంబరు దాకా వెళ్తున్నారు. ఆ వివరాలున్న రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇక్కడ పుట్టిన రచయిత్రి నతాషా అప్పనా, 1872లో ఆంధ్రా నుంచి వచ్చిన తన పూర్వీకుల కథను 2023లో ఫ్రెంచిలో పుస్తకంగా రాశారు.

చిక్కంతా సముద్రం ఇవతల కాదు, అవతల మన ఒడ్డున ఉంది. రిజిస్టర్లో ఇంటిపేరు లేదు. ముత్తాత పేరే ఇక్కడ ఇంటిపేరైపోయింది. 'వైజాగపటం' అని రాస్తే ఆనాటికి విజయనగరం ప్రాంతమూ అందులోదే. ఊరి పేరు దొరికినా ఊరు ఉండాలిగా! స్టీల్‌ప్లాంటుకు 1971లో శంకుస్థాపన జరిగాక ఎన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయో నిర్వాసితులైన మీకు చెప్పాలా? అయినా ఇక్కడి తెలుగువాళ్లు సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ వదల్లేదు. కాగితం ఆగిపోయిన చోట ఆ దేవుళ్లే దారి చూపిస్తున్నారు.

ఈ వెతుకులాటకు ఇప్పుడు ఇంకో అవసరం కూడా వచ్చింది. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రకటించారు.

చిన్నాన్నా, తర్పణాల్లో మనం మూడు తరాల పేర్లే చెబుతాం. ఆపై పేర్లు మీకే గుర్తున్నాయి. పేరు, ఇంటిపేరు, పాత ఊరు, పొలం ఏ గట్టున ఉండేదో, మన వాళ్లలో ఎవరు ఓడెక్కి తిరిగి రాలేదో, అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఇక్కడి నుంచి ఎవరైనా ఆ ఊరి పేరు పట్టుకుని మన గాజువాక వస్తే, వాళ్లకు జవాబు చెప్పగలిగేది మీ తరం ఒక్కటే.

మీ అబ్బాయి