దోమకు హద్దురాయి తెలియదు

జాతీయ రాజకీయాలను గమనించేవారికి భిలాయి పేరు సాధారణంగా మూడు సందర్భాలలో వినబడుతుంది: భారతీయ రైల్వేకు పట్టాలు తయారుచేసే ఊరిగా, ఏదైనా ఘోర ప్రమాదం జరిగినప్పుడు, ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికలలో హోరాహోరీ పోటీ నడిచే స్థానంగా. మురికి కాలువ పూడిక, దోమల మందు, వీధి దీపం, వార్డు సమావేశం ఢిల్లీ దాకా వెళ్లే వార్తలు కావు. జిల్లా అనుబంధంలో పుట్టి అక్కడే ముగుస్తాయి. అయినా తన ఊళ్లో ప్రభుత్వం అనేది ఉన్నదా లేదా అన్న సంగతి పౌరుడికి తెలిసేది ఆ చిన్న వార్తలలోనే. భిలాయి వంటి ఊళ్లో ఆ ప్రశ్నకు మరొకటి తోడవుతుంది. ఉన్న ప్రభుత్వాలలో బాధ్యత ఎవరిది?

2018లో ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది. ఆ ఏడాది వర్షాకాలంలో ఖుర్సీపార్, దాని చుట్టుపక్కల బస్తీలలో మొదలైన డెంగీ ఆగస్టు నాటికి ఊరంతటినీ చుట్టుముట్టింది. చిన్న పిల్లలతో సహా అనేకులు మరణించారు. సెక్టార్-9లోని ప్లాంటు ఆసుపత్రి, దుర్గ్ జిల్లా ఆసుపత్రి, ప్రైవేటు నర్సింగ్ హోములు రోగులతో నిండిపోయాయి. మృతుల సంఖ్య విషయంలో అధికారుల లెక్కకూ వీధిలోని లెక్కకూ పొంతన కుదరలేదు. కాలువలు తీయవలసింది ఎవరు, ప్లాంటు క్వార్టర్లలో కూలర్లు తనిఖీ చేయవలసింది ఎవరు, మందు చల్లే మనుషులను పంపవలసింది ఎవరు అన్న వాదనలు సాగుతుండగానే వ్యాధి తన పని తాను చేసుకుపోయింది.

రెండు నెలలు గడవకముందే, అక్టోబరు 9న, ప్లాంటు కోక్ ఓవెన్ విభాగంలో మరమ్మతు పని జరుగుతుండగా గ్యాస్ పైపులైను పేలింది. అగ్నిమాపక సిబ్బందితో సహా పన్నెండు మందికి పైగా బలయ్యారు. కేంద్ర ఉక్కు శాఖ మంత్రి బీరేందర్ సింగ్ వెంటనే వచ్చారు. ప్లాంటు ముఖ్య కార్యనిర్వహణాధికారిని పదవి నుంచి తప్పించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు, విచారణకు ఆదేశించారు. 2014 జూన్ 12న పంపు హౌసులో నీటి పైపు పగిలి, ఒత్తిడి పడిపోయి, గ్యాస్ వెనక్కి తన్నినప్పుడు ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయిన ఘటన నుంచి నేర్చుకున్నది ఇంతేనా అన్న ప్రశ్న అప్పుడు న్యాయంగానే లేచింది. ఎంత చేసినా పోయిన ప్రాణాలు తిరిగి రావు. కాని జవాబు చెప్పవలసిన వ్యక్తి ఎవరన్న విషయంలో మాత్రం సందేహానికి తావు లేకపోయింది.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే భిలాయి పాలనలోని అసలు లోపం కనబడుతుంది. గోడకు లోపల యజమాని ఒక్కడే గనుక ప్రమాదానికి ఒక కుర్చీ కదిలింది. గోడకు బయట కార్పొరేషన్, ప్లాంటు నగర సేవల విభాగం, జిల్లా ఆరోగ్య శాఖ, రాష్ట్ర ప్రభుత్వం అన్నీ ఉన్నాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం అన్నట్టు, పని చేశామని అందరూ చెప్పారు గాని మరణాలకు మాదే బాధ్యత అన్నవారు లేరు.

ఈ లోపానికి మూలం ఊరి పుట్టుకలోనే ఉంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మించిన ఈ కర్మాగారాన్ని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దానితోపాటే సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్ లేచింది. విశాలమైన రోడ్లు, చెట్లు, బడులు, ఆసుపత్రి, నీరు, కరెంటు, అన్నీ ప్లాంటువే. నిర్మాణ కూలీల కోసం వేసిన గుడారాల చోట కాంప్-1, కాంప్-2 స్థిరపడ్డాయి. సుపేలా, పవర్‌హౌస్, ఖుర్సీపార్ బస్తీలు వాటంతట అవే పెరిగాయి. రైలు పట్టాలకు అవతల ఉన్న భాగాన్ని ఇప్పటికీ 'పట్రీ పార్' అనే పిలుస్తారు. ఆ పిలుపులో దూరం కంటే హోదా ఎక్కువ వినిపిస్తుంది. ప్రణాళిక ప్రకారం కట్టిన ఊరు ఒకటి, ఆ ఊరిని కట్టినవారు తలదాచుకున్న ఊరు మరొకటి.

ఖుర్సీపార్ ప్రస్తావన తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా అవసరం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. సెక్టార్-5లోని బాలాజీ ఆలయం, ఆంధ్ర సాహిత్య సమితి టౌన్‌షిప్ తెలుగువారి ఆనవాళ్లయితే, ఖుర్సీపార్ గల్లీలు కూలిపనికి వచ్చిన తెలుగువారి ఆనవాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ మాట్లాడే మూడో తరం, నాలుగో తరం ఇప్పుడక్కడ పెరుగుతోంది. నగర పార్షదుల జాబితాలో తెలుగు పేర్లూ కనిపిస్తాయి. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖపట్నానికి వందే భారత్ రైలు మొదలైనప్పుడు తెలుగు పత్రికలు ఆ వార్తను వేశాయి. అదే ఖుర్సీపార్‌లో డెంగీ పుట్టి పెరిగినప్పుడు స్వస్థలాల్లోని రాజకీయ పక్షాలకు అది తమవారి విషయంగా తోచలేదు. వలస వెళ్లినవాడు ఓటు ఎక్కడ వేస్తాడో అక్కడి రాజకీయానికే చెందుతాడు. అందుచేత ఆ ఓటుకు అక్కడ ఎంత విలువ ఉన్నదో చూడాలి.

టౌన్‌షిప్, కాంపులు, పట్రీ పార్ బస్తీలు నేడు ఒకే నగరపాలక సంస్థ కింద, 70 వార్డులలో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం భిలాయి నగర జనాభా 6.25 లక్షలు. కార్పొరేషన్‌కు అయిదు జోన్లు ఉన్నాయి. నాలుగోది ఖుర్సీపార్ శివాజీనగర్, అయిదోది సెక్టార్-6, అంటే టౌన్‌షిప్. టౌన్‌షిప్ పౌరుడు తన పార్షద్‌ను తానే ఎన్నుకుంటాడు. అయితే ఆ పార్షద్ రోడ్డు వేయించాలన్నా, పార్కులో గది కట్టించాలన్నా కాళ్ల కింది నేల ప్లాంటుది. నగర సేవల విభాగం అనుమతి కావాలి. ఆ విభాగాధికారికి అధికారం ఉంది, ఓటరు లేడు. పార్షద్‌కు ఓటరు ఉన్నాడు, అధికారం లేదు. ఖుర్సీపార్‌లో ప్లాంటు క్వార్టర్లూ బస్తీలూ కలగలిసిన చోట ఒకే వీధికి ఈ రెండు లోపాలూ అంటుకుంటాయి.

ఇటువంటి ఊళ్ల గురించి రాజ్యాంగం ఆలోచించకపోలేదు. 74వ సవరణతో వచ్చిన 243-క్యూ అధికరణం, పరిశ్రమే పౌర సేవలు అందిస్తున్న చోటును పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించి, అక్కడ మునిసిపాలిటీ లేకుండా చేసే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది. జంషెడ్‌పూర్ దశాబ్దాలుగా ఎన్నికైన నగరపాలక సంస్థ లేకుండానే నడిచింది. 2023 డిసెంబరులో ఝార్ఖండ్ ప్రభుత్వం దానిని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా చేయాలని నిర్ణయించింది. రూర్కెలాలో ఉక్కు టౌన్‌షిప్‌ను వేరుగా ఉంచారు. భిలాయి టౌన్‌షిప్‌కు ఓటు హక్కు దక్కింది. ప్రజాస్వామ్య దృష్టితో ఇదే మెరుగైన దారి. కాని ఓటును ఇచ్చినవారు దానితోపాటు పనిని అప్పగించలేదు. జంషెడ్‌పూర్ పౌరుడికి కంపెనీని నిలదీసే ఓటు లేదు గాని ఎవరిని అడగాలో తెలుసు. భిలాయి పౌరుడికి ఓటు ఉంది గాని ఎవరిని అడగాలో తెలియదు.

పైగా ఊరు ముక్కలవుతూ వచ్చింది. రిసాలిని భిలాయి నుంచి వేరుచేసి 40 వార్డుల కార్పొరేషన్ చేశారు. భిలాయి-చరోదా మరో కార్పొరేషన్, దుర్గ్ ఇంకొకటి. జాముల్, కుమ్హారీ మునిసిపాలిటీలు. 2011 నాటికే 10.64 లక్షలు దాటిన ఒకే జనసముదాయం ఇది. ఉదయం చరోదాలో లేచి, సుపేలాలో సరుకులు కొని, ప్లాంటులో పని చేసే మనిషి రోజుకు మూడు పాలనలు దాటుతాడు. రాయ్‌పూర్ దారిలోని కుమ్హారీ దగ్గర 2024 ఏప్రిల్ 9 రాత్రి ఒక డిస్టిలరీ ఉద్యోగులను ఇళ్లకు చేరుస్తున్న బస్సు మొరం తవ్విన లోతైన గుంతలో పడి కనీసం పన్నెండు మంది చనిపోయారు. దారి పక్కన అంత గుంతను కంచె లేకుండా వదిలింది ఎవరన్నది ప్రమాదం తరువాతి ప్రశ్న అయింది. ముందే అడగవలసిన ప్రశ్న అది. ఎవరికి వారే యమునా తీరే అన్న చోట ముందుగా అడిగేవారు ఉండరు.

రాజకీయ పక్షాలు ఈ లోపాన్ని సరిచేయడానికి బదులు దానిలోనే కాపురం పెట్టాయి. 2018లో మేయరు దేవేంద్ర యాదవ్‌ది కాంగ్రెస్, రాష్ట్ర ప్రభుత్వం భాజపాది. భిలాయి నగర్ శాసనసభ్యుడు ప్రేమప్రకాశ్ పాండే అప్పుడు రాష్ట్ర మంత్రి. ప్లాంటు కేంద్ర ప్రభుత్వానిది. డెంగీ చల్లారిన కొద్ది నెలలకే జరిగిన ఎన్నికలలో మేయరు మంత్రిని 2,849 ఓట్ల తేడాతో ఓడించారు. 2023లో ఆ తేడా 1,264కు తగ్గినా ఫలితం మారలేదు. ఇంత స్వల్ప తేడాలతో గెలుపోటములు తేలే చోట నిందను ఎదుటివారి మీదికి నెట్టడం ఇరుపక్షాలకూ లాభసాటి. రెండు పాలనల వ్యవస్థ ఆ పనికి ఎప్పుడూ ఒక సాకును సిద్ధంగా ఉంచుతుంది.

మేయరును ఎన్నుకునే పద్ధతి కూడా ఈ ఆటలో పావు అయింది. పాతికేళ్ల వయసులో దేవేంద్ర యాదవ్ మేయరు అయినది ప్రత్యక్ష ఎన్నికలో. 2019లో కాంగ్రెస్ ప్రభుత్వం ఆ పద్ధతిని మార్చి మేయరును పార్షదులే ఎన్నుకోవాలన్నది. 2021 డిసెంబరు 20న పోలింగ్ జరిగిన తరువాత నీరజ్ పాల్ ఆ విధంగానే మేయరు అయ్యారు. 2024 చివర భాజపా ప్రభుత్వం ప్రత్యక్ష ఎన్నికను తిరిగి తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దుర్గ్‌తో సహా పది కార్పొరేషన్లలో జనం నేరుగా ఓటు వేయగా పదింటా భాజపా గెలిచింది. భిలాయి, రిసాలి, చరోదాల వంతు ఇంకా రాలేదు. 2022 జనవరిలో మొదలైన భిలాయి పాలకవర్గం గడువు 2027 ఆరంభంతో తీరుతుంది. మేయరును ఎవరు ఎన్నుకోవాలన్న దాని మీద రెండు ప్రభుత్వాలు చట్టాలు మార్చాయి. మేయరు చేతిలో ఏమి ఉండాలన్న దాని మీద ఆ పట్టుదల కనబడలేదు.

భిలాయి నివాసికి కావలసినవి ఆకాశంలోని నక్షత్రాలు కావు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. కూలర్‌లో, డ్రమ్ములో, పాత టైరులో నిలిచిన శుభ్రమైన నీరే దానికి చాలు. అది కుట్టేది ఎక్కువగా పగటి వేళ. సాయంత్రం ఒకసారి పొగ వదిలిపోతే సరిపోదు. వారానికొకసారి ప్రతి ఇంట్లో నీరు పారబోయించే మనిషి కావాలి. ఆ మనిషి క్వార్టరుకు ఒక రోజు, బస్తీకి మరొక రోజు, వేరువేరు జాబితాలతో వస్తే ఫలితం ఉండదు. దోమకు హద్దురాయి తెలియదు. కార్పొరేషన్, ప్లాంటు కలిసి ఒకే పట్టిక, ఒకే పటం, ఒకే ఫోన్ నంబరు వార్డు వారీగా గోడ మీద అంటించడానికి కొత్త చట్టం అక్కరలేదు.

గ్యాస్ విషయమూ అంతే. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-బి సెక్షన్ చేర్చారు. ప్రమాదాల గురించిన సమాచారాన్ని కార్మికులకే కాక స్థానిక సంస్థకూ, పరిసర ప్రజలకూ యజమాని తెలియజేయాలన్నది దాని సారాంశం. ప్రహరీ బయటి రక్షణ ప్రణాళిక జిల్లా యంత్రాంగం చేతిలో ఉండాలన్నది 1989 నాటి నిబంధన. ఈ కాగితాలకు విలువ ఉండాలంటే, సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో ఖుర్సీపార్ ఇల్లాలికి తెలియాలి, తెలుగు మొహల్లాలో ఆ మాట తెలుగులోనూ వినబడాలి. ఒకప్పుడు అరవై వేల మందికి మించి శాశ్వత ఉద్యోగులున్న ప్లాంటులో నేడు చాలా పనులు కాంట్రాక్టు కార్మికుల చేతుల మీదుగా జరుగుతున్నాయి. వారిలో పలువురు ఉండేది బస్తీలలోనే. ఉదయం ప్లాంటు భద్రతా నియమాల కింద ఉన్న మనిషి సాయంత్రానికి ఎవరి నియమాల కిందా లేకుండా పోకూడదు.

మూడు లక్షలకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతుంది. ప్లాంటు నగర సేవల అధికారిని ఆ కమిటీ ముందు నెలకొకసారి కూర్చోబెట్టి, ఆ నెల ఏమి చేశారో ప్రజల ఎదుట చెప్పించగలిగితే భిలాయి ఓటుకు మొదటిసారి పూర్తి అర్థం వస్తుంది. రాబోయే ఎన్నికలలో ఓటు అడగడానికి ఖుర్సీపార్ గల్లీలోకి వచ్చే ప్రతి అభ్యర్థినీ అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ కాలువ ఎవరిది? 'మాది' అన్న జవాబు చెప్పి, ఆ మాటను కాగితం మీద పెట్టగల అభ్యర్థి ఏ పార్టీవాడైనా ఓటు అడిగే అర్హత ఉన్నట్టే.