పసుపు ముద్ద

డోర్నకల్ జంక్షన్‌లో ట్రంకు పెట్టెతో దిగిన జవానును ఊళ్లో మొదట అడిగేది ‘సెలవెన్నాళ్లు?’ అనే. అనుమతి లేకుండా 30 రోజులు రాకపోతే సైన్యం విచారణ జరిపి పరారీ కింద రాసుకుంటుంది. 1950 సైనిక చట్టం 38వ సెక్షన్ ప్రకారం యుద్ధవిధుల్లో పారిపోతే మరణశిక్ష కూడా పడొచ్చు. మామూలప్పుడైతే ఏడేళ్ల దాకా జైలు.

నెల్లూరు సేనాని ఖడ్గతిక్కనకు మాత్రం ఏ కోర్టూ అక్కర్లేకపోయింది. పుల్లరి, అంటే పశువుల మేతపన్ను, కోసం పశుపాలకుల నాయకుడు కాటమరాజుతో పోరులో సేన దెబ్బతిని నెల్లూరికి తిరిగొస్తే, భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపు ముద్ద ఉంచిందట; తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసిందట. మళ్లీ వెళ్లి చచ్చిపోయాడు. వీరగాథ అంటాం. నాకైతే ఆ ఇంటిమీదే కోపం. సైనిక కోర్టయినా ఎందుకొచ్చావని అడుగుతుంది. పుల్లరి తగాదాకు ఇంకో ప్రాణమెందుకని అక్కడ ఒక్కరూ అనలేదు.