అయ్య తుపాకి

మా ఇంట్లో ఒక తుపాకి ఉంది. మూతిలోంచి మందు దట్టించి, టోపీ పెట్టి పేల్చే పాత రకం. దొంగచాటుది కాదు, లైసెన్సుది. 1959 నాటి ఆయుధాల చట్టంలోనే పంట కాపలాకి ఇలాంటి తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని రాసి ఉంది. ఈ మాట మన గుంటలకే కాదు, మన పంతుళ్ళలో కూడా చాలామందికి తెలియదు. కొండమీద తుపాకి కనిపిస్తే చాలు, అది నాటు తుపాకి, పట్టుకున్నవాడు నేరస్తుడు అని అందరూ అనుకునే రోజులు మనవి. అందుకే ముందుగా ఈ మాట చెప్పుకున్నాం.

మేము ఇద్దరం అన్నదమ్ములం. పెద్దవాళ్ళం బడి పంతులు పనిలో, చిన్నవాళ్ళం పోడులో. మాది పాడేరు కొండల్లో కొండదొరల ఊరు. అయ్య పోయిన వారానికి ఆ తుపాకిని స్టేషనులో అప్పగించాం. లైసెన్సుదారు చనిపోతే అలా చేయాలి. కాగితాలు తిరిగి తిరిగి, తమ్ముడి పేర లైసెన్సు వచ్చి, తుపాకి ఇంటికి చేరేసరికి రెండేళ్ళు దాటింది. గొట్టం మీద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. మడమ దగ్గర కర్ర మీద బూజు పట్టింది. ఏ మూల పడేశారో, ఎన్ని వానలు తడిసిందో అడిగే ధైర్యం ఆ రోజు మాకు లేకపోయింది. తెచ్చి దూలానికి వేలాడదీశాం. దాని కిందే పిల్లలు పడుకునేవారు.

ఆషాఢంలో ఒక ఆదివారం దాన్ని బాగుచేద్దామని దించాం. మా పెద్దయ్య అరుగు మీంచి కేకేశాడు. "ముందు గజం వేసి చూడండ్రా." గజం అంటే మందు దట్టించే కడ్డీ. మూతిలోంచి అడుగుదాకా వదిలి, మూతి దగ్గర కడ్డీ మీద బొగ్గుతో గీత పెట్టాలి. బయటికి తీసి ఆ గీతను మూతికి ఆనించి గొట్టం పక్కనే పెట్టి చూస్తే, కడ్డీ కొన టోపీ పెట్టే చోటిదాకా రావాలి. మా కడ్డీ నాలుగు వేళ్ళు తక్కువ వచ్చింది. ఇంకోసారి వేశాం. మళ్ళీ నాలుగు వేళ్ళే.

తుపాకిలో మందు ఉంది.

అయ్యకి జ్వరం వచ్చిన రాత్రి చోళ్ళ చేలో పందులు పడ్డాయి. ఆ రాత్రి దట్టించి ఉంటాడు, పేల్చకుండానే మంచం పట్టాడు. ఆ తర్వాత అది మా చేతుల్లో స్టేషనుకి వెళ్ళింది, జీపులో ఇంటికి వచ్చింది, పిల్లల నెత్తిమీద వేలాడింది. తీసుకున్నవాళ్ళు చూడలేదు, ఇచ్చినవాళ్ళు చూడలేదు. వాళ్ళని తిట్టుకుందామంటే మేమూ చూడలేదు కదా. నల్లమందు పొడిగా ఉంటే ఎన్నేళ్ళయినా చావదు. టోపీ లేదు కాబట్టి సరిపోయింది. నిప్పు ఒక్కటే తక్కువ.

పెద్దయ్య మాట మీద గొట్టంలో నీళ్ళు నింపి రెండు రోజులు నానబెట్టాం. తర్వాత లైసెన్సు కాగితం పట్టుకుని విశాఖలో తుపాకులు మరమ్మతు చేసే దుకాణానికి తీసుకెళ్ళాం. అక్కడి ముసలాయన కొనకి మర ఉన్న కడ్డీతో లోపలిది లాగాడు. ముందు పీచు ఉండ వచ్చింది. తర్వాత నల్లటి బురద. మళ్ళీ పీచు వస్తుంది, రవ్వలు వస్తాయి అని మేము చూస్తున్నాం. ఏమీ రాలేదు. అయ్య ఉత్త మందే దట్టించాడు. చప్పుడుకి పందులు పారిపోవాలి, అంతే.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, ఒకప్పుడు అయ్య మీద కణుజును కొట్టాడని ఒక మాట పడింది. 1972 వన్యప్రాణి చట్టం కింద అది చిన్న నేరం కాదు. కేసు నిలవలేదు కానీ మాట నిలిచిపోయింది. సంతలో కూడా అనేవారు. నేను ఉత్త మందే పేలుస్తానని అయ్య ఎంత చెప్పినా నమ్మినవాళ్ళు తక్కువ. మాలోనూ ఒకరికి కొంచెం అనుమానం ఉండేది. ఎవరికో రాయం. ఒక రాత్రి మందుతో పాత మాట అంతా తేలిపోదని తెలుసు. అయినా బల్ల మీద ఆ బురద చూస్తూ చాలాసేపు నిలబడ్డాం.

దుకాణం ఆయన రెండు విషయాలు చెప్పాడు. మందు మసిని నూనెతో తుడిస్తే పోదు, అందులో ఉప్పుగుణం ఉంటుంది, వేడినీళ్ళతోనే కడగాలి. ఇక గొట్టం మీద కొట్టిన నంబరు జోలికి పోవద్దు. అది అరిగిపోతే లైసెన్సు తుపాకి కాస్తా దొంగ తుపాకి అయిపోతుంది.

ఇంటికొచ్చి ఇత్తడి పట్టీలు విప్పి, గొట్టాన్ని కర్రలోంచి లేపాం. అసలు తుప్పు అక్కడుంది, కర్ర కింద, కంటికి కనబడని చోట. కిరసనాయిలు పోసి, ఇనుప పీచుతో రెండు రోజులు రుద్దాం. నంబరు చుట్టూ మాత్రం గుడ్డ ముక్కతో, పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచాం. ఆ తర్వాత మా తెలివి చూడండి. బిందెలు తోమినట్టు చింతపండుతో తోమాం. గొట్టం తెల్లగా మెరిసింది. మురిసిపోయాం. తెల్లారేసరికి మెరుపంతా ఎర్రటి తుప్పయి కూర్చుంది. కొండమీద వానాకాలం గాలి అంటే మాటలా.

దుకాణం ఆయనకి ఫోను చేస్తే నవ్వాడు. "మంచిదే. అది మంచి తుప్పు. ఆ తుప్పుతోనే పని చేయించుకోండి." పైన పొడిలా లేచింది మాత్రం గుడ్డతో రుద్ది తీసెయ్యాలి. అడుగున అంటుకున్నది ఉంచాలి. మళ్ళీ తుప్పు పట్టనివ్వాలి, మళ్ళీ రుద్దాలి. అలా ఏడెనిమిది సార్లు చేసేసరికి ఎరుపు తగ్గి, కాల్చిన చింతగింజ రంగు వచ్చింది. చివర సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి పులుపు చంపేసి, ఆరగానే నూనె పట్టించాం. ఆ రంగు పట్టాక కొత్త తుప్పు అంత తొందరగా దిగదట. మెరిసేది చెడిపోయింది, నల్లబడింది నిలిచింది. ఈ గాలినే మేము ఇన్నాళ్ళూ తిట్టుకున్నాం.

కర్ర దగ్గర మాకు గొడవొచ్చింది. అది వేగిస కర్ర. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి పసుపు అంటుకుంది. చక్కెర జబ్బువాళ్ళు ఈ చెక్క లోటాలోనే నీళ్ళు పోసుకుని తాగుతారు. తమ్ముడు గరుకు కాగితం తెచ్చి, మొత్తం చెక్కి, వార్నీషు కొట్టి కొత్తదానిలా చేద్దామన్నాడు. కానీ మడమ మీద, అయ్య చెంప ఆనించిన చోట, కర్ర లోపలికి అరిగి నున్నగా ఉంది. పట్టుకునే చోట బొటనవేలు పట్టేంత గుంట. అవి పోతాయి కదా అని పెద్దవాళ్ళం అన్నాం. పంట కాసేది ఎవరు, పట్టుకునేది ఎవరి చెయ్యి అని వాడన్నాడు. ఆ మాటా నిజమే. రెండు రోజులు మాటల్లేవు.

పెద్దయ్యే తేల్చాడు. కాగితం పక్కన పెట్టించి, గరుకుగా ఉండే బరివెంక ఆకులు కోయించుకొచ్చాడు. తడిగుడ్డతో కర్ర తుడిస్తే పీచు సన్నగా వెంట్రుకల్లా లేస్తుంది. ఆరాక ఆకుతో దాన్ని కోసెయ్యాలి. అలా మూడుసార్లు. ఆకు లేచిన పీచునే తింటుంది, గుంటని తినదు. బూజు పోయింది, అయ్య చెంప ఉంది. ఆ చోట చెంప పెట్టి చూసిన తమ్ముడు ఇంకేమీ అనలేదు.

నూనె విషయంలో ఇంకో తప్పు చేశాం. ఇంట్లో ఉందని ఇప్పనూనె రాశాం. అది ఆరే నూనె కాదు. చలికి పేరుకుని, చేతికి జిడ్డుగా, దుమ్మంతా అంటించుకుంది. మొత్తం తుడిచి, వలిసె నూనె అందుకున్నాం. పట్నంలో అవిసె నూనె రాస్తారు. మన చేలల్లో పచ్చగా పూసే వలిసెల నూనె కూడా నెమ్మదిగా ఆరి పొర కడుతుంది. గుడ్డకి ఒక్క చుక్క, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దడం, నాలుగైదు రోజులు ఎండ. గొట్టం కూర్చునే గాడిలో కూడా రాశాం. అక్కడ వదిలేస్తే చెమ్మ దూరి కర్ర వంగుతుంది. కార్తీకంలో మొదలుపెడితే పుష్యంలో అయింది.

ఆ రోజుల్లో ఐదో తరగతిలో అల్లూరి సీతారామరాజు పాఠం చెబుతున్నాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు స్టేషన్లలోనూ తుపాకులు పట్టుకుపోయారని చదివితే, ఒక గుంటడు లేచి "సారూ, స్టేషనులో తుపాకులు తెచ్చినోళ్ళు మనోళ్ళు. మరి మన తుపాకి స్టేషనులో ఎందుకు పెడతారు?" అన్నాడు. తోటి పంతుళ్ళూ, మీరైతే ఏం చెప్పేవారు? ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు అప్పగించమంటారని, అది మనకొక్కరికే కాదని చెప్పాం. కొడగు కొండల్లో కొడవలకి ఆ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు ఉందని, పండక్కి తుపాకులకి పూలు పెడతారని కూడా చెప్పాం. మనకి ఇటుకల పండక్కి విల్లంబులు ఉన్నాయి కదా సారూ అంది ఒక ఆడపిల్ల. గంట కొట్టారు.

2024 ఎన్నికల ముందు మళ్ళీ అప్పగించాల్సి వచ్చింది. ఈసారి అమ్మ పాత చీరలో చుట్టి తీసుకెళ్ళాం. బల్ల మీద పెట్టి, అడక్కుండానే తమ్ముడు గజం వదిలాడు. బొగ్గు గీత పెట్టి, తీసి, పక్కన ఆనించి చూపించాడు. కొన సరిగ్గా టోపీ చోటికి వచ్చింది. "గొట్టం ఖాళీ అని రసీదులో రాయండి బాబూ" అన్నాం. కానిస్టేబులు మమ్మల్ని ఒకసారి, తుపాకిని ఒకసారి చూశాడు. కర్ర మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఇది ఎవరు చేశారు?" అన్నాడు.

"ముందు రాయండి" అన్నాడు తమ్ముడు.

రాశాడు. చీర మాత్రం తిరిగి ఇవ్వబోతే వద్దన్నాం, తుపాకితోనే ఉండనిమ్మన్నాం.