ఇటుకల మీది బక్కీ

ఆదివారం ఉదయం చాట్స్‌వర్త్‌లో మా వీధికి వస్తే మీకు గుడి గంటతో పాటు గ్రైండర్ చప్పుడు కూడా వినిపిస్తుంది. ఏదో ఒక పెరట్లో ఎవరో పాత కారును మళ్లీ నడిపించాలని చూస్తుంటారు.

మా పెరట్లో ఉన్నది నాన్నగారి డాట్సన్ 1200 బక్కీ. ఈ దేశంలో 1971లో వచ్చిన ఆ చిన్న బండే తర్వాత నిస్సాన్ 1400 అయి, 2008 వరకు తయారయింది. నాన్నగారు అందులో కూరగాయలు తిప్పి అమ్మేవారు. ఆయన పోయాక అది పదకొండేళ్లు ఇటుకల మీదే ఉంది. ఉప్పుగాలికి అడుగు రేకు తినేసి, లోపలి నుంచి గడ్డి కనిపించేది.

తూకానికి అమ్మేద్దామన్నాడు అన్నయ్య. "అత్తా, నాకు ఇప్పించండి" అన్నాడు ఆయన కొడుకు. మెట్రిక్ తప్పి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. వాడికి లెక్కలు చెప్పింది నేనే.

శనివారాలు ఇద్దరం స్క్రాప్ యార్డులు తిరిగాం. ఒక తలుపు తెల్లది దొరికింది, రెండోది ఆకుపచ్చది. ఇంజిన్ ఒక నుజ్జయిన 1400 నుంచి తెచ్చాం. రెండూ ఒకే కుటుంబపు ఇంజిన్లు కనుక చక్కగా కూర్చుంది. అడుగుకు ముందు అట్ట కత్తిరించి, సరిచూసి, ఆ కొలతకే రేకు కోశాడు. జ్యామితిలో తప్పిన పిల్లవాడు మిల్లీమీటరు తేడా రానివ్వలేదు. నేను టీ కప్పు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

మీరూ యార్డుకు వెళితే బండి కోడ్ అడగండి. కోడ్ 3 అంటే పాడైన బండిని తిరిగి కట్టినది. కోడ్ 4 అయితే ఇక ఎప్పటికీ రోడ్డెక్కదు. ఇంజిన్ మారిస్తే పోలీసు క్లియరెన్స్ కావాలి, కాబట్టి రసీదులు దాచుకోండి. పోలీసు వంగి నంబర్లు చదువుతుంటే నాకు ఓడ జాబితాలు గుర్తొచ్చాయి. నేటాల్‌లో దిగిన మన పెద్దలకూ ఒక్కొక్క నంబరు ఇచ్చారు. ఆ నంబరు పట్టుకునే కదా మనం ఈనాడు వారి ఊరు వెతుక్కుంటున్నాం!

రోడ్‌వర్దీ పరీక్షలో హ్యాండ్‌బ్రేక్ దగ్గర మొదటిసారి తప్పాం, రెండోసారి నెగ్గాం. ఈ డబ్బుతో ఇంతకంటే మంచి బండి వచ్చేదని పక్కింటాయన అన్నారు. నిజమే. కానీ ఇప్పుడు ఆయన కారు సైలెన్సర్‌కు వెల్డింగ్ చేస్తున్నది మా వాడే.

మీ పెరట్లో ఇటుకల మీద ఏదైనా ఉందా? తూకం వేసే ముందు ఇంట్లో పిల్లల్ని ఒకసారి అడగండి.