డిస్కు మీద ఉన్నవీ, చదవగలిగినవీ

సర్వరు మార్చానంటే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "డేటా ఉందా, పోయిందా?" ఉండటానికీ పోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. ఉంటుంది, కానీ కనబడదు. కనబడుతుంది, కానీ మనది కానంటుంది. మనదే అవుతుంది, తీరా తెరిస్తే చదవలేం.

మా ఇంట్లో ఫైళ్ళు దాచుకునే చిన్న సర్వరొకటి ఉంది. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు, ఒకదానికొకటి నకలు. తాతయ్య నోటుపుస్తకాల స్కాన్లు, అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు, మావయ్య రాసిన సాహిత్య వ్యాసాలు అందులోనే ఉన్నాయి. పాత లైనక్స్‌కి భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది కాబట్టి కొత్తది ఎక్కించక తప్పలేదు. సిస్టం ఉండే చిన్న డిస్కుని మాత్రమే తుడిచాను. డేటాకి మరో నకలు చెల్లెలి ఇంట్లో ఉంది.

డిస్కుల్ని ఇలా జత చేసే పద్ధతికి 'రెయిడ్' అని పేరు పెట్టింది బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్. వాళ్ళ పత్రం 1988 నాటిది. లైనక్స్‌లో నాకు నచ్చేదేంటంటే, ఏ డిస్కు ఎవరికి జతో ఆ వివరం డిస్కుల మీదే రాసి ఉంటుంది. కొత్త సిస్టం దాన్ని చదివి జతని గుర్తుపట్టింది. కాకపోతే ఇది ఎక్కడి నుంచో వచ్చిన జత అనుకుని 127 అని నంబరిచ్చింది. ముందు చదవడానికి మాత్రమే అన్న షరతుతో మౌంట్ చేసి, అన్నీ సరిగా ఉన్నాయని చూసుకుని, అప్పుడు రాయడానికి తెరిచాను.

తర్వాత యాజమాన్యం గొడవ. ఫైలు మీద యజమాని పేరుండదు, నంబరుంటుంది. పాత సిస్టంలో అమ్మది 1001, చెల్లిది 1002. కొత్తదాంట్లో ఖాతాలు తెరిచిన వరస మారింది కాబట్టి అమ్మ ఫోల్డరు చెల్లి పేరు మీదికి పోయింది. ఆస్తి తగాదా రాకముందే నంబర్లు మళ్ళీ పాతవే ఇచ్చేశాను.

"అమ్మమ్మ గొంతు టీవీలో రావట్లేదురా," అంది అమ్మ మర్నాడు. పాత టీవీకి ఎస్ఎంబీలో మొదటి తరం భాషొక్కటే వచ్చు. 2017లో వాన్నాక్రై వ్యాపించింది ఆ భాషలోని లొసుగు పట్టుకునే. 2019లో సాంబా 4.11 దాన్ని వాడుకలోంచి పక్కన పెట్టింది, మంచి పనే. ఒక్క లైను రాస్తే మళ్ళీ తెరుచుకుంటుంది, కానీ నేను తెరవలేదు. టీవీకి చిన్న ప్లేయరొకటి తగిలించాను. అమ్మమ్మ మళ్ళీ పాడుతోంది.

ఇవన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. తెగనిది మావయ్య వ్యాసాలే. మొత్తం ఇరవై ఏడు. చెక్‌సమ్‌లు సరిపోయాయి, ఒక్క బిట్టు కూడా చెదరలేదు. తెరిస్తే మాత్రం రోమన్ అక్షరాలూ విరామచిహ్నాలూ కలగాపులగంగా కనిపిస్తాయి. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటుంది. కానీ మన డీటీపీ సెంటర్లలో చాలాకాలం సొంత ఫాంట్లే నడిచాయి. తలకట్టునీ గుడినీ ఒత్తునీ ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చోబెట్టిన ఫాంట్లవి. ఫాంటు లేకపోతే ఆ ఫైల్లో తెలుగే లేదు. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది, ఆయన వాడిన ఫాంటు మా దగ్గర లేదు.

అదృష్టంకొద్దీ ఒక వ్యాసం అప్పట్లో అచ్చయింది. ఆ కాగితాన్నీ ఫైలునీ పక్కపక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక రాసుకున్నాను. దాంతో మిగతావి చాలావరకు విడిపోయాయి. పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసే అలవాటు నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఆయన వాక్యాన్ని ఇలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మాత్రం ఇదే మొదలు.

అచ్చయిన వ్యాసంలో లేని గుర్తులు మూడు మిగిలాయి. అత్తయ్యకి ఫోన్లో ఆ వాక్యాలు చదివి వినిపించాను. "అది 'జ్ఞ' అయ్యుంటుంది నాయనా, ఆయనకి 'ప్రజ్ఞ' అన్న మాట మహా ఇష్టం," అంది. ఇంకోటి కూడా అలాగే చెప్పింది. మూడోది ఆవిడకీ తట్టలేదు. ఆ గుర్తు ఒకే ఒక్క చోట, ఒక కవి పేరు మధ్యలో వస్తుంది. ఊహించి పూరించడానికి మనసొప్పక ఆ గుర్తుని అలాగే ఉంచేశాను.