టెక్సస్ నడుం సంచీ

కిందటేడు సెలవు పెట్టి నేనూ మా ఆవిడా డల్లాస్ దగ్గర ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి ఆరు వారాలు ఉండి వచ్చాం. నయాగరా గురించీ, స్వేచ్ఛా విగ్రహం గురించీ మన పత్రికలో ఇదివరకే చాలామంది రాశారు. నేను రాయబోయేది చాలా చిన్న వస్తువు గురించి. టెక్సస్‌లో మగవాళ్ళు, ఆడవాళ్ళు కూడా నడుముకి కట్టుకునే సంచీ గురించి.

మన బామ్మలకి బొడ్డుసంచీ ఉండేది. నాలుగు చిల్లర డబ్బులు, వక్కపలుకులు, బీరువా తాళంచెవి అందులోనే. నిద్రలో కూడా అది ఒంటిమీదే ఉండేది. టెక్సస్ సంచీలో పర్సు, ఫోను ఉంటాయి. కొందరి సంచీలో పిస్తోలు కూడా ఉంటుంది.

ఈ సంగతి నాకు ఫోర్ట్ వర్త్‌లో తెలిసింది. డల్లాస్‌కి పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్ళో పాత పశువుల సంత ఉంది. స్టాక్‌యార్డ్స్ అంటారు. బారెడేసి కొమ్ముల లాంగ్‌హార్న్ పశువుల్ని గుర్రపు రౌతులు రోజుకి రెండుసార్లు, 11.30కీ 4 గంటలకీ, వీధిలో నడిపించుకుపోతారు. మా అమ్మాయి పక్కింటి పెద్దాయన మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆయనకి 70 దాటాయి. బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన మనవడూ మా మనవడూ కలిసి ఆడుకుంటారు.

ఎండకి నేను టోపీ, కోటు, భుజాన సంచీ అన్నీ బల్లమీద పడేశాను. ఆయన మాత్రం నడుం సంచీ విప్పలేదు. భోజనానికని ఒక చోటికి వెళితే తలుపు మీద ఎర్రగా 51 శాతం అని బోర్డు కనిపించింది. ఆయన గుమ్మంలోనే ఆగి, “ఇక్కడికి నేను రాకూడదు, ఇంకో చోటు చూద్దాం” అన్నారు. ఆ దుకాణం రాబడిలో 51 శాతం పైగా అక్కడే తాగే మద్యం మీద వస్తుందని ఆ బోర్డుకి అర్థం. అలాంటి చోటికి తుపాకీతో వెళ్ళడం నేరం. లాభనష్టాల పట్టికలోని ఒక అంకెను గుమ్మానికి కట్టిన రాష్ట్రాన్ని, కామర్స్ చదివిన నేను, మొదటిసారి చూశాను!

ఇంటికి వచ్చాక ఆయన ముందు పిస్తోలు తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాతే ఖాళీ సంచీ నా చేతికిచ్చి చూపించారు. పైకి మామూలు పౌచే. లోపల రెండు అరలు. ముందు అరలో ఫోను, కార్డులు. కడుపుకి ఆనుకునే వెనక అర పిస్తోలుకి మాత్రమే. అందులో గట్టి ప్లాస్టిక్ ఒర ఒకటి కదలకుండా బిగించి ఉంటుంది. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేదిగా ఉండాలి. లేకపోతే ఏ తాళంచెవో పెన్నో దానికి తగిలి పేలవచ్చు. అందుకే ఆ అరలో ఇంకో గుండుసూది కూడా ఉండకూడదట. బెల్టు వదులుగా వేలాడకూడదు. వెనకనుంచి ఎవరైనా బకిల్ నొక్కి లాక్కుపోకుండా దాన్ని ప్యాంటు బెల్టుకి కూడా తగిలించారు. స్నానాలగదిలో కొక్కేనికి తగిలించకూడదు, కుర్చీమీద పెట్టకూడదు, కారులో వదిలేయకూడదు. “ఒంటిమీద ఉండాలి, లేదా తాళంలో ఉండాలి. మూడో చోటు లేదు” అన్నారాయన.

ఈ మాట నాకు బాగా అర్థమైంది. ముప్ఫై ఏళ్ళుగా నా ఉద్యోగం అదే. బ్యాంకు స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు, ఇద్దరు అధికారుల దగ్గర. తాళంచెవి సొరుగులో పెట్టి టీకి వెళితే అది పోయినా పోకపోయినా తప్పే. మా గుమ్మం దగ్గర కాపలాదారు తుపాకి అందరికీ కనబడాలి, అప్పుడే దొంగకి భయం. టెక్సస్ పద్ధతి దీనికి తిరగబడింది. ఎవరి దగ్గర ఉందో తెలియకపోవడమే రక్షణ అంటారు.

ఈ వాదానికి ఒక కథ ఉంది. 1991 అక్టోబరు 16న కిలీన్ అనే ఊళ్ళో లూబీస్ అనే హోటల్లో ఒకడు 23 మందిని కాల్చి చంపాడు. సుజానా హప్ అనే ఆవిడ తల్లిదండ్రులు ఇద్దరూ ఆ కాల్పుల్లో పోయారు. ఆవిడకి తుపాకి ఉంది, కాని అప్పటి చట్టానికి భయపడి కారులో ఉంచి వచ్చింది. తర్వాత ఆవిడ ఊరూరా ఈ సంగతి చెప్పింది. 1995లో లైసెన్సు మీద దాచి తీసుకువెళ్ళే చట్టం వచ్చింది. 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉన్న 21 ఏళ్ళు నిండినవారికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేకుండా పోయింది.

రెండో వైపు కథ డల్లాస్‌లోనే ఉంది. కెనడీ హత్య జరిగిన చోటి మ్యూజియం చూసి వచ్చాం. హంతకుడిగా పట్టుబడ్డ ఆస్వాల్డ్‌ని రెండు రోజుల తర్వాత, 1963 నవంబరు 24న, పోలీసుల మధ్యనే జాక్ రూబీ కాల్చి చంపాడు. అదీ దాచి తెచ్చిన రివాల్వరే. ఆస్వాల్డ్‌ మీద కోర్టు విచారణ జరగకుండానే పోయింది.

ఈ రెండూ విన్నా మా అమ్మాయి మనసులో ఉన్న భయం వేరు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి పిస్తోలుకని ప్రత్యేకంగా అర కుట్టిన చేతిసంచీని దుకాణం బండిలో పెట్టింది. బండిలో కూర్చున్న రెండేళ్ళ కొడుకు జిప్పు తీశాడు. ఆ తల్లి అక్కడే పోయింది. సంచీ మంచిదే. ఒంటిమీద లేదు, అంతే.

మా అమ్మాయి మొగమాటం వదిలి పెద్దాయన్ని అడిగేసింది: “మా వాడు మీ ఇంటికి వచ్చినప్పుడు అది ఎక్కడ ఉంటుందండీ?” నొచ్చుకుంటారేమోనని మా ఆవిడ కంగారుపడింది. ఆయన నవ్వి ఇనప్పెట్టె దగ్గరికి తీసుకువెళ్ళి, “అందరూ అడగవలసిన ప్రశ్న ఇది” అన్నారు. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా నిండు తుపాకి వదిలేయడం టెక్సస్‌లో కూడా నేరమే.

పిల్లల దగ్గరికి వెళ్ళబోయే మన పెద్దలకి రెండు మాటలు. సందర్శక వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడం, వేటకి లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అమెరికా చట్టం ప్రకారం నిషేధం. హెచ్-1బి మీద పనిచేసే మన పిల్లలకీ అంతే. కాబట్టి ఎవరైనా మురిపెంగా “పట్టుకుని చూడండి” అన్నా, దణ్ణం పెట్టి ఊరుకోండి. విమానాశ్రయంలో ఎవరి సంచీనీ “కాస్త పట్టుకోండి” అంటే పట్టుకోకండి. 2023లో అక్కడి తనిఖీల్లో ప్రయాణికుల చేతిసంచుల్లో 6,737 తుపాకులు దొరికాయి. వాటిలో నూటికి 93 నిండువే. చాలామంది చెప్పే కారణం ఒకటే: సంచీలో ఉన్న సంగతి మరిచిపోయామని.

మనవలు ఆడుకునే ఇంటివారిని మాత్రం, ఎంత స్నేహమున్నా, మా అమ్మాయి అడిగిన ప్రశ్న అడిగించండి. మొగమాటం ఒక నిమిషమే ఉంటుంది.